మాట తేటపడని పిల్లలకు తరగతి గదిలో ఎలా తోడ్పడాలి?

ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడి మాట తేటగా లేదనిపిస్తే, దిద్దడానికి పూనుకునే ముందు రెండు వారాల పాటు ఊరికే వినండి. ఏ అక్షరం ఏ అక్షరంగా మారుతోందో, మాట మొదట్లోనా మధ్యలోనా అన్నది ఒక నోటుబుక్కులో రాసుకోండి. ‘ర’ చాలామందికి ఆలస్యంగానే పట్టుబడుతుంది కనుక, అయిదేళ్ల పిల్ల ‘రాయి’ని ‘లాయి’ అంటే కంగారు పడనక్కర్లేదు. కానీ ఆ వయసులోనూ ‘కాకి’ని ‘తాతి’ అంటూ, బయటివాళ్లకు సగం మాటలు కూడా అర్థం కాకపోతే పట్టించుకోవాలి. ఇంట్లో లంబాడీనో గోండీనో ఉర్దూనో మాట్లాడే బిడ్డ తెలుగులో తడబడడం లోపం కాదు. ఇంటి భాషలో ఎలా మాట్లాడుతుందో తల్లిని అడిగితే చాలావరకు తెలిసిపోతుంది.

తర్వాత చూడవలసింది చెవి. తరచూ జలుబు చేసి చెవిలో చీము కారే పిల్లలకు వినికిడి తగ్గవచ్చు. సరిగా వినపడని ధ్వనిని పలకమని ఒత్తిడి చేయడం అన్యాయం కనుక, వినికిడి పరీక్ష ముందే జరగాలి.

ఇక దిద్దే తీరు. పిల్లవాడు ‘మేత్తాలూ, నా పలక పదిపోయింది’ అన్నాడనుకోండి. ‘పది కాదు, పడి అను’ అని నలుగురిలో నిలబెట్టి మళ్లీ మళ్లీ అనిపిస్తే మర్నాటి నుంచి నోరు విప్పడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ తప్పు చేశాను, ఆ మౌనం నన్ను చాలాకాలం బాధించింది. ‘అయ్యో, పలక పడిపోయిందా? ఎక్కడ పడిపోయింది?’ అని ‘డ’ను కాస్త స్పష్టంగా పలికి, జవాబు కోసం ఆగండి. వాడు మళ్లీ ‘పది’ అన్నా ఫరవాలేదు, సరైన ధ్వని చెవిన పడింది.

నత్తి ఉన్న బిడ్డకు మాట అందించకండి, ‘నిదానంగా చెప్పు’ అనీ అనకండి. మీరే నిదానంగా మాట్లాడుతూ, చెప్పడం పూర్తయ్యేదాకా ముఖంలోకి చూస్తూ వినండి. వెక్కిరించే తోటిపిల్లలను మొదటిరోజే ఆపాలి.

కొన్ని నెలలైనా మార్పు లేకపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రాన్ని సంప్రదించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందం బడికి వచ్చినప్పుడు ఆ బిడ్డను తప్పక చూపించండి; అవసరమైతే వారే జిల్లా స్థాయి చికిత్సా కేంద్రానికి పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మాట, భాషకు సంబంధించినదీ ఉందని తల్లిదండ్రులకు చెప్పండి. వెళ్లేటప్పుడు మీ నోటుబుక్కు కూడా వారి చేతికివ్వండి. ఏ ధ్వని, ఎప్పటినుంచి, ఎక్కడ తప్పుతోందని స్పీచ్ థెరపిస్టు అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి.