‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ తెవికీ పేజీని బాగుచేయాలంటే

తెలుగు వికీపీడియాలో రాక్ ఆల్బమ్ పేజీ పట్టుకున్నవాళ్ళు చాలామంది మొట్టమొదట చేసేది ఇంగ్లీషు పేజీని తెచ్చి యంత్రానువాదంలో పడేయడం. అక్కడే చెడుతుంది. సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో కాకుండా విడి రికార్డుగా వచ్చిన పాట ‘ఒంటరిగా విడుదలైంది’ అవుతుంది. ప్రొడ్యూసర్ ‘నిర్మాత’ అవుతాడు. మనకు నిర్మాత అంటే డబ్బు పెట్టినాయన. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్‌ది. ఈ ఆల్బమ్‌కి ప్రొడ్యూసర్లూ వాళ్ళే, అంటే రికార్డింగ్ ఎట్లా ఉండాలో తేల్చింది వాళ్ళే. అలన్ పార్సన్స్ రికార్డింగ్ ఇంజనీరు. క్రిస్ థామస్ చివర్లో మిక్సింగ్ పర్యవేక్షించాడు. అందరినీ ‘నిర్మాతలు’ అని ఒకే గాటన కట్టేస్తే పేజీ తప్పు చెప్పినట్టే. ప్రొడ్యూసర్ అన్న మాటనే ఉంచండి. మన నెల్లూరు తిక్కన భారతాన్ని మక్కికి మక్కి దించలేదు, తెలుగు వాక్యం తెలుగులాగానే కట్టాడు. మూలం పేరా చదవండి, ఆ కిటికీ మూసేయండి, తర్వాత రాయండి.

రాసేది మీ ప్రయోగశాల (చిత్తుప్రతి రాసుకునే) పేజీలో రాసుకోండి. ముందు సమాచారపెట్టె, అంటే పేజీ పక్కన ముఖ్య వివరాలు చూపే పట్టిక. కళాకారులు పింక్ ఫ్లాయిడ్, లేబుల్ హార్వెస్ట్, స్టూడియో లండన్‌లోని ఆబీ రోడ్, రికార్డింగ్ 1972–73, నిడివి సుమారు 43 నిమిషాలు. విడుదల తేదీ దగ్గర ఆగండి. అమెరికాలో 1973 మార్చి 1న వచ్చింది, బ్రిటన్‌లో అదే నెలలో ఆ తర్వాత. దేశం పేరు లేకుండా ఒక్క తేదీ పెడితే రెండో రోజుకే ఎవరో ఒకరు మార్చేస్తారు.

పాటల పట్టికను ఎల్‌పీ (పాత గ్రామఫోన్ రికార్డు) ప్రకారం రెండు వైపులుగా విడగొట్టండి, వైపుకి అయిదు. కొన్ని సీడీల్లో మొదటి రెండూ కలిపి ఒకే ట్రాకుగా ఉంటాయి. సీడీ చూసి తొమ్మిదని దిద్దేవాళ్ళు వస్తారు కాబట్టి ఆ సంగతి పట్టిక కిందే ఒక వాక్యంలో రాసిపెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ తగువు ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ పాట మీద వస్తుంది. 1973 అట్ట మీద స్వరకర్తగా బృందంలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పేరొక్కటే ఉంది. మాటల్లేకుండా గొంతెత్తి పాడిన క్లేర్ టోరీకి ఆ రోజు ముట్టింది 30 పౌండ్లు. ఆమె 2004లో దావా వేసింది, 2005లో రాజీ కుదిరింది, అప్పట్నుంచీ రైట్‌తో పాటు ఆమె పేరూ వేస్తున్నారు. పాత అట్ట ఉన్నవాళ్ళూ కొత్త సీడీ ఉన్నవాళ్ళూ ఇద్దరూ చూసిందే రాస్తున్నారు. ఒకరి దిద్దుబాటును ఇంకొకరు రద్దు చేసుకోవడం కాకుండా, ‘మొదటి ముద్రణలో రైట్, 2005 రాజీ తర్వాత రైట్, టోరీ’ అని ఏడాదితో సహా రాయండి. ఆ వాక్యానికి రెండు మూలాలివ్వండి. ఆమె పేరు పేజీలో సరిగా కనపడాలి, అది ఆమెకు రావాల్సిన గౌరవం.

అంకెల విషయానికొస్తే, 1973 నుంచి 1988 దాకా అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 741 వారాలు ఉందన్నది నిజం. ‘ఏకధాటిగా’ అన్న మాట చేర్చారంటే అబద్ధం, మధ్యలో చార్టు నుంచి జారిపోయి మళ్ళీ వచ్చింది. మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే. ఆ తర్వాత కూడా చార్టుల్లోకి వస్తూనే ఉంది కాబట్టి ఏ అంకెకైనా ‘ఫలానా ఏడాది నాటికి’ అని తగిలించండి. ‘చిరస్మరణీయం’, ‘అద్భుతం’ లాంటివి తీసేయండి. అట్లా అన్న విమర్శకుడెవరో, ఏ పత్రికలోనో చెప్పగలిగితే అప్పుడు ఉంచవచ్చు.

‘మనీ’ పాట నడక ఏడు మాత్రలది, గిటార్ సోలోలో నాలుగుకి మారుతుంది. ‘తకిట తకధిమి’ అని చేత్తో తాళం వేస్తూ వినండి, ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో చెయ్యే చెబుతుంది. సంగీతం తెలిసినవాళ్ళకి వెంటనే కర్ణాటక సంగీతంలోని ఏడు మాత్రల తాళం మిశ్రచాపు గుర్తొస్తుంది. పేజీలో మాత్రం ఆ పోలిక రాయకండి, అచ్చయిన మూలం లేకపోతే అది వికీపీడియా ఒప్పుకోని స్వంత పరిశోధన కిందికి వస్తుంది. చర్చ పేజీలో చెప్పుకోవచ్చు.

అట్ట బొమ్మను కామన్స్‌లోకి (వికీలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న, స్వేచ్ఛగా వాడుకోగల బొమ్మల భాండారంలోకి) ఎక్కించకండి, హక్కులున్న బొమ్మ, తీసేస్తారు. తెవికీలోనే సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్) కింద, పక్కకి 300 పిక్సెళ్ళకు మించకుండా ఎక్కించి, కారణం రాయండి. డిజైన్ హిప్నోసిస్ (Hipgnosis) అనే డిజైన్ సంస్థ వాళ్ళది, బొమ్మ గీసింది జార్జ్ హార్డీ. పాటల సాహిత్యం ఎత్తి రాయకూడదు, మీరు చేసిన తెలుగు అనువాదం కూడా పెట్టకూడదు. మూలాలుగా అభిమానుల సైట్లు, ఎవరైనా మార్చగలిగే డిస్కుల జాబితాలు పనికిరావు.

అంతా అయ్యాక మునుజూపు చూసి, చివర మూలాలజాబితా మూస (టెంప్లేటు) ఉందో లేదో చూసుకుని, దిద్దుబాటు సారాంశంలో ఏం మార్చారో రాసి భద్రపరచండి. పేరును ‘ది డార్క్ సైడ్’ అని వెతికేవాళ్ళూ ఉంటారు, ముందు ‘ద’ లేకుండా వెతికేవాళ్ళూ ఉంటారు. ఆ రెండు పేర్లతోనూ దారిమార్పు పేజీలు చేసి, వికీడేటాలో ఇతర భాషల పేజీలతో లింకు కలపండి.