తుపాకీ స్టాక్‌పై రంగు నిలవకపోతే: సమస్య - పరిష్కారం

బీచ్ (beech) చెట్టు కర్రతోనో, అక్రోటు కర్రతోనో చేసిన రైఫిల్ స్టాక్‌కు, అంటే భుజానికి ఆనించి పట్టుకునే కర్ర భాగానికి, వేసిన రంగు చెడినప్పుడు చాలామంది డబ్బాను తప్పుపడతారు. కానీ లోపం చాలాసార్లు రంగు కింద, కర్రను సిద్ధం చేసిన తీరులోనే ఉంటుంది. సరిచేయడానికి కూర్చునే ముందు తుపాకీలో గుండు లేదని రూఢి చేసుకొని, గొట్టాన్నీ ట్రిగ్గర్ భాగాన్నీ స్టాక్ నుంచి పూర్తిగా విడదీయాలి.

సమస్య: రోజులు గడిచినా రంగు జిగటగానే ఉంటుంది, లేదా పొరలుగా ఊడుతుంది.
కారణం: పాత స్టాక్ అయితే మొదట నూనెనే అనుమానించాలి. ఏళ్ల తరబడి లోహ భాగాలకు పూసిన నూనె వెనక్కి జారి, చేయి పట్టుకునే సన్నని మెడ దగ్గర కర్రలోకి ఇంకి, అక్కడ నల్లని మచ్చగా కనిపిస్తుంది.
పరిష్కారం: రంగు మొత్తం తీసేసి, మెత్తని సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి మచ్చపై మందంగా పట్టించాలి. అసిటోన్ ఆరేకొద్దీ నూనె సుద్దలోకి చేరి, తెల్లని పొర పసుపుగానో గోధుమరంగుగానో మారుతుంది. దానిని దులిపి, సుద్ద తెల్లగానే మిగిలేవరకు మళ్లీ మళ్లీ పట్టించాలి. ఇందులో తొందర పనికిరాదు. అసిటోన్ ఆవిరికి సులభంగా నిప్పంటుకుంటుంది కాబట్టి ఈ పని గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా చేయాలి. ఆ తర్వాత మైనం తీసిన లక్కను (షెల్లాక్) పలుచగా రెండు పూతలు వేస్తే, మిగిలిన కాస్త నూనె రంగును తాకకుండా అది అడ్డుగా నిలుస్తుంది.

సమస్య: మొదటి పూతకే ఉపరితలం గరుకెక్కుతుంది.
కారణం: తడికి కర్ర నారలు లేచాయి.
పరిష్కారం: సీలర్‌కు (కర్ర పీల్చకుండా రంగు కింద వేసే పూత) ముందే తడిగుడ్డతో తుడిచి, ఆరాక 320 నంబరు ఎమరీ కాగితంతో నార వెంబడి రుద్దాలి.

సమస్య: రంగులో సన్నని గీతలు, గుంటలు కనిపిస్తాయి.
కారణం: అక్రోటు కర్ర రంధ్రాలు పెద్దవి.
పరిష్కారం: ఫిల్లర్‌ను (రంధ్రాలు పూడ్చే ముద్ద) నారకు అడ్డంగా రుద్ది నింపాలి. బీచ్ కర్రకు రెండు పూతల శాండింగ్ సీలర్ సాధారణంగా చాలు.

సమస్య: వెనుక అంచు దగ్గర రంగు లేస్తుంది.
కారణం: బట్ ప్లేట్ (స్టాక్ వెనుక చివర బిగించే పలక) కింద, కర్రను అడ్డంగా కోసిన ముఖం తేమను అన్నిటికన్నా ఎక్కువగా పీలుస్తుంది, అక్కడ సీలర్ వేయడం చాలామంది మరచిపోతారు.
పరిష్కారం: ప్లేటు విప్పి, ఆ ముఖం ఇక పీల్చనంతవరకు సీలర్ పట్టించాలి. తుపాకీ యంత్రం (గొట్టం, ట్రిగ్గర్ భాగం) కూర్చునే లోపలి గాడికి కూడా పలుచని సీలర్ అవసరమే కానీ, అక్కడ రంగు మందం కట్టనివ్వకూడదు. కడితే యంత్రం సరిగా కూర్చోక గురి మారుతుంది.

సమస్య: వానాకాలంలో ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) లక్కర్ పూత పాలలా తెల్లబడుతుంది.
కారణం: థిన్నర్ వేగంగా ఆవిరై పూతను చల్లబరచడంతో గాలిలోని తేమ దానిపై చేరుతుంది.
పరిష్కారం: పొడి రోజున, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలుచగా చల్లితే చాలావరకు తేటపడుతుంది.