నేపాల్ పిల్లల హోమ్‌కి రెండోసారి వెళ్తున్నారా? ఇలా వెళ్లండి

ఖాట్మండులోనో పోఖరాలోనో ఒక హోమ్‌లో కొన్నాళ్లు పనిచేసి వచ్చారు. పిల్లలు కళ్లలో మెదులుతున్నారు, మళ్లీ వెళ్లాలనుంది. వెళ్లండి. నాలుగుసార్లు వెళ్లొచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నా, రెండోసారే ఎక్కువమంది తప్పు చేస్తారు.

ప్రయాణం తేలికే. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. రైలైతే గోరఖ్‌పూర్, అక్కణ్నుంచి సునౌలీ సరిహద్దు, ఆపైన బస్సు. బొమ్మల సూట్‌కేసు వద్దు. అక్కడ ఆరు వారాలైనా ఉండలేకపోతే అసలు బయల్దేరవద్దు.

టికెట్ కొనకముందే హోమ్‌కి ఫోన్ చేసి, ఎంతమంది పిల్లలకు అమ్మానాన్నలున్నారో, ఈమధ్య ఎవరెవరు ఇంటికి చేరారో అడగండి. ‘అనాథలు’ అంటాం గానీ చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధంలో హుమ్లా లాంటి కొండ జిల్లాల వాళ్లు, పట్నంలో చదువు చెప్పిస్తామన్న దళారుల మాట నమ్మి పిల్లల్ని అప్పగించారు. 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత, అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ప్రభుత్వమే ఆపాల్సి వచ్చింది. అడిగినందుకు నిర్వాహకులు విసుక్కుంటే అక్కడికి వెళ్లకండి. మీకు ఇష్టమైన పాప తల్లి దగ్గరికి చేరిందని తెలిస్తే సంతోషించండి, అడ్రసు అడక్కండి.

దసరాకి వెళ్లొద్దు. మనకి సెలవులని అప్పుడే బయల్దేరతారు చాలామంది. అక్కడ అది దశైం, అయినవాళ్లున్న పిల్లలు ఇంటికి వెళ్లే పండగ. ఆ రోజుల్లో మనం అక్కడ ఉండకూడదు.

ఇక అసలు కష్టం మొదటి సాయంత్రం. అప్పుడు తొందరపడకండి.

గేటు దాటగానే పేర్లు పెట్టి పిలుస్తూ ఎత్తుకోకండి. కొందరు మరిచిపోయి ఉంటారు, కొందరు మరిచిపోనందుకే ముఖం తిప్పుకుంటారు. కొత్తవాళ్ల మెడకి కూడా ఇట్టే చుట్టుకునే పిల్లల్ని చూసి మురిసిపోవద్దు. చూసుకునే మనుషులు మాటిమాటికీ మారిపోతే పిల్లలు అలా తయారవుతారు. కూర్చోండి, వాళ్లనే రానివ్వండి.

భోజనానికి ముందే మీరు వెళ్లిపోయే తేదీ చెప్పండి. నోటిమాట చాలదు, గోడమీది క్యాలెండర్లో గుర్తు పెట్టండి. అక్కడిది విక్రమ సంవత్ క్యాలెండరు, మన తేదీ చెబితే పిల్లలకు లెక్క అందదు. ఆయాని అడిగి సరిచూసుకోండి. ‘మొదటిరోజే ఏడిపించడం ఎందుకు, చివర్లో చెబుదాం’ అనేవాళ్లని చూశాను. వాళ్లు తప్పించుకుంటున్నది తమ బాధని. పిల్లలు ఎలాగూ మొదటిరోజే అడుగుతారు, ‘ఎప్పుడు వెళ్తావు దీదీ?’ అని.

మళ్లీ వస్తానని మాట ఇవ్వకండి. ఇది మన తెలుగువాళ్లకి మరీ కష్టం. ‘వెళ్తాను’ అనడం అశుభమని ‘వెళ్లొస్తా’ అంటాం కదా. మొదటిసారి నేనూ అలవాటు కొద్దీ అదే మాట హిందీలో చెప్పి వచ్చాను. ఆ తర్వాత వెళ్లడానికి రెండేళ్లు పట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు నేను బట్టలు ఆరేస్తుంటే పక్కన నిలబడి క్లిప్పులు అందించింది. ఏమీ అనలేదు. నాకది మర్యాద, ఆ పిల్లకది మాట.

మిగతా రోజులు మామూలే. ఆయాల వెనక ఉండండి: గిన్నెలు, దాల్ భాత్, పెద్దపిల్లల లెక్కల హోంవర్కు. జడలు వేయడం, నిద్రపుచ్చడం ఆయాలకే వదలండి, రేపూ ఉండేది వాళ్లే. ఫోన్ గదిలో పెట్టండి.

బయల్దేరే రోజు పిల్లలు బడి నుంచి వచ్చాకే కదలండి. వాళ్లు నిద్రలో ఉండగా జారుకోకండి. గేటు దగ్గర ‘వెళ్తున్నాను’ అనండి. నోరు రాదు. అయినా ఆ మాటే అనండి.