హోస్ లీకైతే చెయ్యి పెట్టొద్దు

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ప్రొక్లైనర్లు రిపేరు చేస్తుంటాను. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి మొదట చెప్పేది ఒకటే: హోస్ (బండిని ఆడించే హైడ్రాలిక్ ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం) మీద ఆయిల్ చెమ్మ కనబడితే వేలితో తడమొద్దు. పెద్ద బండ్లలో ఆ ఆయిల్ ప్రెషర్ 300 బార్లు (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటుతుంది. సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిల్ కంటికి ఆనదు, గ్లౌజుని చీల్చుకుని చర్మంలోకి దిగిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, పొడవాటి కర్రకి అట్టముక్క కట్టి హోస్ వెంట జరపండి. మచ్చ పడిన చోటే లీకు.

హోస్ విప్పే ముందు బూమ్ (బండి పెద్ద చెయ్యి), బకెట్ నేలకి ఆనించాలి. ఇంజిన్ ఆపాక కూడా లైన్లో ప్రెషర్ మిగిలే ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి లివర్లని అన్ని వైపులకీ నాలుగైదుసార్లు ఆడించండి, హైడ్రాలిక్ ఆయిల్ ట్యాంకు మూత మెల్లగా వదులు చేసి గాలి పోనివ్వండి. తర్వాత తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. ఆపరేటర్ టీ తాగొచ్చి ఏమీ ఆలోచించకుండా స్టార్ట్ చేసేస్తాడు మరి!

ఆయిల్ గుచ్చుకుంటే చిన్న చుక్కే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. మోసమంతా అక్కడే. లోపల కండ పాడైపోతుంటుంది, గంటలు గడిస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. పిండొద్దు, రుద్దొద్దు. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి ఏమీ తినిపించొద్దు. ఆయిల్ డబ్బా లేబుల్ ఫొటో తీసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. ‘ప్రెషర్‌తో ఆయిల్ లోపలికెళ్లింది’ అని డాక్టర్‌కి గట్టిగా చెప్పండి. టీటీ ఇంజెక్షన్ వేసి ఇంటికి పొమ్మంటే ఒప్పుకోకుండా, సర్జన్‌కి చూపించమని అడగండి.