ట్యూబ్ బేస్ యాంప్ పాఠాలు – 4: ఓమ్స్ ఎక్కువుంటే ఏం కాదనే మాట ట్యూబ్ యాంప్‌కి పనికిరాదు

పోయిన పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను: రెండు 4 ఓమ్ స్పీకర్ పెట్టెలను (ఓమ్ అంటే కరెంటుకి అడ్డు ఎంతో చెప్పే కొలత) యాంప్ వెనక ఉన్న రెండు జాక్‌లకు తగిలిస్తే మొత్తం ఎంత? చాలామంది 8 అన్నారు. సరైన జవాబు 2. మీరు సూత్రం మర్చిపోలేదు. సిరీస్ సూత్రం, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు ఓమ్స్ కూడేది, వాడాల్సిన చోటు అనుకున్నారు, అంతే. ఆ జాక్‌లు లోపల ఎలా కలిసి ఉంటాయో చెప్పకుండా నేను ముందుకు వెళ్ళిపోయాను కాబట్టి ఈసారి అక్కడి నుంచే మొదలుపెడతాను.

యాంప్ వెనక రెండు స్పీకర్ జాక్‌లు పక్కపక్కనే ఉంటే, మామూలుగా అవి లోపల పారలల్‌గా, అంటే ఒకదాని పక్కన ఒకటిగా, కలిసి ఉంటాయి. మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెకి కేబుల్ లాగినా అంతే. చూడ్డానికి గొలుసులా ఒకదాని వెనక ఒకటి ఉంటుంది, కానీ మొదటి పెట్టె మీద ఉన్న రెండు జాక్‌లు కూడా పారలలే. కరెంటుకి ఒక దారి ఉన్నచోట రెండు దారులు అవుతాయి, కాబట్టి అడ్డు తగ్గుతుంది. రెండు 8లు కలిస్తే 4, రెండు 4లు కలిస్తే 2. ఒక 8, ఒక 4 కలిస్తే 2.67. ఈ చివరి జతలో పవర్ సమానంగా పంచుకోదు. 4 ఓమ్ పెట్టె రెండు వంతులు, 8 ఓమ్ పెట్టె ఒక వంతు తీసుకుంటాయి. 300 వాట్లు పంపితే ఒకదానికి 200, ఇంకోదానికి 100. వాట్ రేటింగ్ చూసుకోకుండా చిన్న పెట్టెని 4 ఓమ్ వైపు పెట్టారంటే ముందు కాలేది అదే.

సూత్రాల సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను. ఈ పాఠం అసలు వేరే మాట గురించి.

"ఓమ్స్ తగ్గకూడదు, పెరిగితే ఏం కాదు." ఈ మాట నాకు ఎన్నిసార్లు వినిపించిందో చెప్పలేను. విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది, ఎందుకంటే చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ట్రాన్సిస్టర్ యాంప్‌కి అది నిజమే. 4 ఓమ్స్ కనిష్ఠం అని రాసిన ట్రాన్సిస్టర్ యాంప్‌కి 8 ఓమ్ పెట్టె తగిలిస్తే పవర్ తగ్గుతుంది, ఇంకేమీ కాదు. అసలు పెట్టే లేకపోయినా మామూలుగా దానికి ఇబ్బంది లేదు. 2 ఓమ్స్ తగిలిస్తే మాత్రం కరెంటు పెరిగి వేడెక్కి పోతుంది. అదే నియమాన్ని ట్యూబ్ యాంప్ దగ్గరికి తెచ్చేసరికి ప్రమాదం మొదలవుతుంది.

ఎందుకో నెమ్మదిగా చూద్దాం. ట్యూబుకి (సిగ్నల్‌ని పెంచే గాజు వాల్వు), స్పీకరుకి మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ట్యూబులకు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు అలవాటు. స్పీకరుకి తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు కావాలి. 4 ఓమ్స్‌లో 300 వాట్లు రావాలంటే దాదాపు 35 వోల్టులు, ఎనిమిదిన్నర ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. ఆ మార్పిడి చేసేది ట్రాన్స్‌ఫార్మరే. అది స్పీకర్ ఇంపీడెన్స్‌ని, అంటే ఓమ్స్‌లో కొలిచే అడ్డుని, చుట్ల నిష్పత్తి (రెండు వైపులా ఉన్న తీగ చుట్ల మధ్య నిష్పత్తి) వర్గంతో గుణించి ట్యూబులకు చూపిస్తుంది. చుట్ల నిష్పత్తి 20 అనుకోండి, వర్గం 400. అప్పుడు 4 ఓమ్ పెట్టె ట్యూబులకు 1600 ఓమ్స్‌లా కనిపిస్తుంది. అదే చోట 8 ఓమ్ పెట్టె పెడితే 3200. 16 పెడితే 6400. 2 పెడితే 800.

అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి తనదంటూ ఒక ఇంపీడెన్స్ లేదు. మీరు తగిలించిన పెట్టెనే పెద్దది చేసి చూపిస్తుంది. వెనక ఉన్న 2, 4 ఓమ్ స్విచ్ చేసే పని ఈ నిష్పత్తిని మార్చడం, పెట్టె ఏదైనా ట్యూబులు ఒకే లోడ్ (వాటికి కనిపించే ఓమ్స్) చూసేలా.

లోడ్ పెరిగినప్పుడు ప్లేటు (ట్యూబులో కరెంటు చేరే లోహపు రేకు) వోల్టేజి ఊపు మరీ కిందికి దిగుతుంది. అలా దిగినప్పుడు, 6550 లాంటి ట్యూబుల్లో ప్లేటు ముందుండే తీగ జాలి, అంటే స్క్రీన్ గ్రిడ్, ప్లేటుకి పోవాల్సిన కరెంటుని తనవైపు లాక్కుని వేడెక్కుతుంది. లోడ్ తగ్గితే వేడంతా ప్లేటు మీద పడుతుంది, పవర్ తగ్గుతుంది, ట్యూబు త్వరగా అరుగుతుంది. రెండు వైపులా నష్టం ఉంది. కానీ లోడ్ పెరగడానికి హద్దు లేదు, అదే తేడా. కేబుల్ ఊడిపోతే లోడ్ అనంతం.

అప్పుడు జరిగేది ఇది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో దాచుకున్న శక్తికి పోయే దారి ఉండదు. ట్యూబు కరెంటుని ఆపిన ప్రతిసారీ ఆ శక్తి వోల్టేజి రూపంలో ప్లేటు వైపు ఎగురుతుంది. పెద్ద బేస్ యాంప్‌లలో ప్లేటు సప్లయే 700 వోల్టుల దగ్గర ఉంటుంది. దాని మీద ఇది ఎన్నో రెట్లు లేస్తే ట్యూబు సాకెట్ పిన్నుల మధ్య నిప్పురవ్వలు వస్తాయి, లేదా వైండింగ్ ఇన్సులేషన్ చిట్లుతుంది. ఒకసారి నేను వాయిస్తుండగా శబ్దం ఆగిపోయింది. గిటార్ కేబుల్ పోయిందనుకుని వాల్యూమ్ ఇంకా పెంచాను. ఊడింది స్పీకర్ కేబుల్. సాకెట్ నల్లగా కాలిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ చుట్టించాల్సి వచ్చింది. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను: శబ్దం ఆగితే వాల్యూమ్ ముట్టుకోవద్దు, ముందు యాంప్‌ని స్టాండ్‌బైలో పెట్టండి.

కొన్ని ట్యూబ్ యాంప్‌ల స్పీకర్ జాక్‌లు ప్లగ్ లేనప్పుడు తమంతట తామే షార్ట్ అయ్యేలా చేసింది ఇందుకే. ట్రాన్సిస్టర్ యాంప్‌ని చంపే షార్ట్, ట్యూబ్ యాంప్‌ని కాసేపు కాపాడుతుంది.

ఇక పెట్టెల సంగతి. ఆంపెగ్ కంపెనీ 1969లో తెచ్చిన ఎస్‌విటి యాంప్ 300 వాట్లది, ఆరు అవుట్‌పుట్ ట్యూబులు. మొదట్లో 6146బి, తర్వాత 6550. దాని జోడు పెట్టెలో ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లు ఉంటాయి. ఒక్కో స్పీకరు 32 ఓమ్స్, అన్నీ పారలల్, మొత్తం 4. రెండు పెట్టెలు పెడితే 2. స్విచ్‌లో ఆ రెండు అంకెలు అక్కడి నుంచి వచ్చినవే. ఇలాంటి పెట్టెల్లో కొన్నింటికి మోనో, స్టీరియో ఎంపిక ఉంటుంది. స్టీరియోలో ఉంచి ఒక్క జాక్‌కే కేబుల్ పెడితే నాలుగు స్పీకర్లే పలుకుతాయి, లోడ్ 8 అవుతుంది. శబ్దం కాస్త తగ్గింది అనుకుంటారే తప్ప ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

పెట్టె మీద రాసిన అంకెని నేను నమ్మను. పాత పెట్టెల్లో ఎవరో ఎప్పుడో స్పీకర్లు మార్చి ఉంటారు. యాంప్ నుంచి తీసేసిన కేబుల్ చివర మల్టీమీటర్ పెట్టి కొలుస్తాను. ముందు మీటరు రెండు కడ్డీలు కలిపి, వచ్చిన రీడింగ్‌ని అసలు కొలతలోంచి తీసేయాలి. 4 ఓమ్స్ కొలిచేటప్పుడు 0.3 తేడా చిన్నది కాదు. 4 ఓమ్ పెట్టె దాదాపు 3.2 చూపిస్తుంది, 8 ఓమ్ పెట్టె 6 చిల్లర. మీటరు కొలిచేది ఇంపీడెన్స్ కాదు, డీసీ రెసిస్టెన్స్ (ఒకే దిశలో పోయే కరెంటుకి అడ్డు) కాబట్టి తక్కువే వస్తుంది, పెట్టె చెడిపోయిందని టెన్షన్ పడకండి.

స్పీకరుకి స్పీకర్ కేబులే వాడండి, గిటార్ కేబుల్ కాదు. తిప్పితే లాక్ అయ్యే స్పీకాన్ ప్లగ్ ఉంటే నాకు ఇంకా ఇష్టం, కాలు తగిలినా ఊడదు. సరిపోని పెట్టె తప్ప ఇంకేదీ లేకపోతే, నేను ఎప్పుడూ తక్కువ ఓమ్స్ వైపే వెళ్తాను, అదీ ఒక్క మెట్టు, వాల్యూమ్ తగ్గించి. ట్యూబులు మార్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే యాంప్ నెలల తరబడి బల్ల మీద ఉంటుంది. ఇందులో నాతో ఏకీభవించని టెక్నీషియన్లు ఉన్నారు.

ఈసారి అభ్యాసం బరువైనది, కాగితం తీసుకోండి.

మీ దగ్గర ఒక 4 ఓమ్ పెట్టె, రెండు 8 ఓమ్ పెట్టెలు ఉన్నాయి. మూడూ పారలల్‌గా పెట్టారు. మొత్తం ఎంత, స్విచ్ ఎక్కడ ఉండాలి, 300 వాట్లలో ఎవరి వాటా ఎంత? వాయిస్తుండగా 4 ఓమ్ పెట్టె కేబుల్ ఊడింది. స్విచ్ మార్చలేదు. 4 ఓమ్ స్థానంలో చుట్ల నిష్పత్తి 20 అయితే, 2 ఓమ్ స్థానంలో ఎంత ఉండాలి? ఆ నిష్పత్తితో ఇప్పుడు ట్యూబులు చూస్తున్న లోడ్ ఎంత? తర్వాత 8, 4 జత, అంటే 2.67 తీసుకుని, స్విచ్ రెండు స్థానాల్లోనూ ట్యూబుల లోడ్ కట్టండి. ఒక్కోటి 1600కి ఎంత దూరంలో ఉందో చూసి, నా తక్కువ వైపు అలవాటు ఇక్కడ సరైనదో కాదో రాయండి. చివరిగా, ఎనిమిది స్పీకర్ల పెట్టె మీటరులో 3.2 బదులు 3.7 చూపిస్తోంది. లోపల ఏమై ఉంటుందో లెక్కతో సహా కావాలి.