బ్యాంజో వినడం ఎలా? ముందు జోకులు వినండి

నలుగురు చుట్టూ కూర్చుని వాయించుకునే జామ్‌లలో నేను ఎప్పుడూ గమనించేది ఒకటుంది. బ్యాంజో మీద జోకులు అందరూ వేస్తారు గానీ, అసలైన మంచి జోకులు బ్యాంజో వాయించేవాళ్ల దగ్గరే ఉంటాయి. ఈ వాద్యం కొత్తగా వినాలనుకునేవాళ్లను నేను ఆ జోకులతోనే మొదలుపెట్టమంటాను. బ్యాంజోలో జనం దేన్ని చూసి నవ్వుతారో, చాలాసార్లు దాని అందం కూడా అక్కడే ఉంటుంది.

అన్నిటికన్నా పాత జోకు ఇది: బ్యాంజో వాయించేవాడి జీవితంలో సగం శ్రుతి చేసుకోవడానికే పోతుంది, మిగతా సగం అపశ్రుతిలో వాయించడానికి పోతుంది.

దీంట్లో నిజం లేకపోలేదు. బ్యాంజో ఒంట్లో సగం డప్పు. గుండ్రటి చట్రం మీద బిగించిన పొర, ఆ పొర మీద చిన్న చెక్క బ్రిడ్జి, దాని మీదుగా తీగలు. వెనకటి రోజుల్లో ఆ పొర జంతువు తోలు. గాలిలో తేమ పెరిగితే తోలు వదులై, బ్రిడ్జి కిందికి దిగి, శ్రుతి జారిపోయేది. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పొరే వాడుతున్నారు కాబట్టి ఆ బాధ తగ్గింది. బ్రిడ్జిని మాత్రం ఇప్పటికీ జిగురుతో అంటించరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది, చెయ్యి తగిలితే పక్కకు జరుగుతుంది.

మీ చేతిలో బ్యాంజో ఉంటే ఇలా చూసుకోండి. పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా ఊరికే వేలు తాకించి మీటండి, సన్నటి గంటలాంటి స్వరం వస్తుంది. తర్వాత అదే మెట్టు దగ్గర నొక్కి మీటండి. రెండూ ఒక్కటిగా పలికితే బ్రిడ్జి సరైన చోట ఉన్నట్టే. నొక్కిన స్వరం ఎక్కువగా పలికితే తీగలు కాస్త వదులు చేసి, బ్రిడ్జిని వాద్యం మెడకు, అంటే మెట్లుండే పొడవాటి కర్రకు, దూరంగా వెంట్రుకవాసి జరపండి. తక్కువగా పలికితే మెడ వైపు జరపండి.

వినడానికి వచ్చినవాళ్లకు చెప్పేదేమిటంటే, వాయించేవాళ్లు శ్రుతి చేసుకుంటున్నప్పుడు ఫోన్ తీయకండి. అమెరికా పల్లెల పాత బాణీల్లో పాటను బట్టి తీగల శ్రుతే మార్చేస్తారు. మామూలు జి శ్రుతిలో ఉన్నదాంట్లో రెండో తీగను అరస్వరం పెంచారంటే చాలు, వాద్యం మొత్తం గుబులుగా మోగుతుంది. ఆ మార్పు మీ చెవిన పడితే తర్వాత వచ్చే పాట సగం అర్థమైనట్టే.

రెండో జోకు. ఒకాయన కారు వెనక సీట్లో బ్యాంజో పెట్టి, తాళం వేయడం మర్చిపోయాడట. పరుగున వచ్చి చూసేసరికి సీట్లో రెండు బ్యాంజోలున్నాయి.

ఎవరికీ అక్కర్లేనంత గోల అని దీని భావం. గోల ఎందుకంటే, డప్పు పొర తీగ శక్తిని గభాలున బయటికి తోసేస్తుంది. స్వరం టంగుమని లేచి, అంతే వేగంగా ఆరిపోతుంది. ఫిడేలులా ఒక స్వరాన్ని సాగదీసే వీలు లేదు. అందుకే ఖాళీ లేకుండా స్వరాలు పేర్చుకుంటూ పోవాలి. 1945 చివర్లో అమెరికన్ గాయకుడు, మాండొలిన్ కళాకారుడు బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ అనే ఉత్తర కరోలినా కుర్రాడు ఈ పనిని మూడు వేళ్లతో ఎంత ఒడుపుగా చేశాడంటే, బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద బాణీ సంగీతానికి ఆ వరసే గుర్తయిపోయింది. దాన్ని రోల్ అంటారు.

రోల్ అర్థం కావాలంటే బ్యాంజో అక్కర్లేదు, బల్ల చాలు. తకిట తకిట తక అని నోటితో అంటూ ఉండండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరసగా బల్ల మీద ఆనించండి. ప్రతి ‘త’ దగ్గరా బొటనవేలు పడాలి. చివరి ‘తక’కు బొటనవేలు, చూపుడువేలు చాలు. మొత్తం ఎనిమిది దెబ్బలు. మూడు, మూడు, రెండుగా విడిపోవడం వల్ల తాళం మీద కొంచెం ఒరిగినట్టుంటుంది. కాలు ఊపకుండా ఉండలేకపోవడానికి కారణం ఆ ఒరుగే. ఇది నోటికి పట్టాక స్క్రగ్స్ రికార్డింగ్ ఏదైనా సగం వేగంతో పెట్టుకోండి. గోలలా వినిపించిన చోట పాట వరస బయటపడుతుంది. నాకైతే ఇంతకు మించిన ఆనందం ఇంకే వాద్యంలోనూ దొరకలేదు.

మూడోది: బ్యాంజో మీద విషాదగీతం పలకదు. హాస్యనటుడు స్టీవ్ మార్టిన్ వేదికల మీద దీంతో ఎంతో నవ్వించాడు. ఆయన మంచి బ్యాంజో కళాకారుడు కూడా, 2010 నుంచి ఈ వాద్యకారులకు తన పేరిట బహుమతి ఇస్తున్నాడు. అయినా ఈ మాట నేను ఒప్పుకోను. అమెరికన్ గాయని, బ్యాంజో కళాకారిణి రియానన్ గిడెన్స్ మెట్లు లేని పాతకాలపు నమూనా బ్యాంజో మీద నెమ్మదిగా వాయిస్తుంటే వినండి. స్వరం లోతుగా, బరువుగా వస్తుంది.

ఆ వాయింపులో చెవి పెట్టాల్సింది అయిదో తీగ మీద. దాన్ని బిగించే మర మిగతావాటిలా మెడ చివర ఉండదు, మెట్లున్న బ్యాంజోలో అయిదో మెట్టు ఉండే చోట పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది. తీగ పొట్టి, స్వరం హెచ్చు, చోటు బొటనవేలి పక్కనే. వేలిగోటితో కిందికి కొట్టి, వెంటనే బొటనవేలితో ఆ తీగను మీటుతారు. పాట ఎటు తిరిగినా అదొక్కటే స్వరం శ్రుతిలా మోగుతూ ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో జోలా ప్రజల అకోంటింగ్ అనే సొరకాయబుర్ర వాద్యానికీ ఇలాంటి పొట్టి తీగే ఉంటుంది, గోటితో కొట్టే పద్ధతీ ఇదే. బ్యాంజో పుట్టుక బానిసలుగా అట్లాంటిక్ దాటించబడిన ఆఫ్రికన్ల చేతుల్లో జరిగింది.

నేను చెప్పని జోకులు కూడా ఉన్నాయి. చొంగ కార్చుకునేవాడు, పళ్లు లేనివాడు, బుర్ర లేనివాడు అంటూ మనిషిని తక్కువ చేసేవి. 1840ల నుంచి అమెరికాలో తెల్లవాళ్లు ముఖాలకు మసి పూసుకుని, బ్యాంజో పట్టుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ప్రదర్శనలు ఇచ్చారు. తర్వాత ఆ వెక్కిరింత అపలాచియన్ కొండల్లోని పేద తెల్లవాళ్ల మీదికి మళ్లింది. వాద్యం మీద ఎన్ని జోకులైనా వేయండి, మనుషుల్ని వదిలేయండి. జామ్‌కు కొత్తగా వెళ్తే మొదటి జోకు బ్యాంజో వాళ్లనే వేయనివ్వండి. కొత్తగా నేర్చుకుంటున్న మనిషి శ్రుతి చేసుకుంటున్నప్పుడు మాత్రం అసలు వేయొద్దు, వాళ్లు అప్పటికే టెన్షన్‌లో ఉంటారు.

వినే వరస చెప్తాను. ముందు స్క్రగ్స్, తర్వాత గిడెన్స్. ఆ పైన బేలా ఫ్లెక్, అబిగైల్ వాష్‌బర్న్ దంపతులు జంటగా వాయించినవి. ఆయనది మూడు వేళ్ల పద్ధతి, ఆమెది గోటి పద్ధతి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చురుగ్గా గలగలమనేది ఎవరిదో, గుండ్రంగా కొట్టి శ్రుతి తీగ మీద ఆగేది ఎవరిదో విడదీసి పట్టుకోండి. మొదట్లో కలిసిపోతాయి, రెండుమూడు పాటలు గడిచేసరికి విడిపోతాయి.