ఆటోక్యాడ్‌లో స్క్రిప్ట్, లిస్ప్ తేడా కొడితే ఎక్కడ చూడాలి

నిన్న బాగా నడిచిన స్క్రిప్ట్ (ఆటోక్యాడ్ కమాండ్లు వరసగా రాసిన ఫైల్) ఈరోజు వేరే డ్రాయింగ్‌లో అడ్డం తిరిగితే అందరూ ముందు కోడ్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతవరకు తప్పు కోడ్‌లో కన్నా ఆ డ్రాయింగ్ సెట్టింగుల్లోనో, ఆ కంప్యూటర్‌లోనో ఎక్కువగా ఉంటుంది. స్క్రిప్ట్ చేసేదల్లా మన బదులు కీబోర్డు కొట్టడమే. ఆటోక్యాడ్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష లిస్ప్‌లో కమాండ్ ఫంక్షన్ చేసేదీ అదే. ఎదురుగా ఏ ప్రశ్న ఉందో అవి చూసుకోవు. అందుకే ముందు ఎఫ్2 నొక్కి టెక్స్ట్ విండో తెరవండి. ఏ ప్రశ్నకి ఏ జవాబు వెళ్లిందో వరసగా కనిపిస్తుంది.

గీతలు అనుకున్న చోట పడట్లేదు

ఎర్రర్ రాదు కాబట్టి అన్నిటికన్నా ప్రమాదం ఇదే. 0,0 నుంచి 6000,0 దాకా గీయమంటే గీత వెళ్లి పక్కనున్న కాలమ్ మూలకి అతుక్కుంటుంది. అవే అంకెలు చేత్తో కొడితే సరిగ్గా పడుతుంది. దగ్గరికి జూమ్ చేసి నడిపితే కరెక్టు, ప్లాన్ మొత్తం కనిపించేలా పెట్టి నడిపితే తప్పు. దాంతో ఎవరికైనా పిచ్చెక్కుతుంది.

కారణం ఆన్‌లో ఉన్న ఓస్నాప్, అంటే దగ్గర్లోని మూలలకి, చివర్లకి పాయింట్‌ని అతికించే సదుపాయం. ఓస్నాప్‌కోఆర్డ్ అనే వేరియబుల్ (సెట్టింగ్) మామూలుగా 2లో ఉంటుంది. అంటే మనం కొట్టిన అంకెలకి ఓస్నాప్ కన్నా ప్రాధాన్యం ఎక్కువే, కానీ స్క్రిప్ట్ ఇచ్చిన అంకెలకి కాదు. పైగా ఓస్నాప్ చుట్టుపక్కల వెతికే దూరం స్క్రీన్ పిక్సెల్స్‌లో ఉంటుంది. జూమ్ అవుట్ చేసేకొద్దీ ఆ కొద్ది పిక్సెల్స్‌లోనే అరమీటరు, మీటరు దూరం పట్టేస్తుంది.

ఓస్నాప్‌కోఆర్డ్‌ని 1 చేస్తే మీ కంప్యూటర్ వరకు సరిపోతుంది. ఫైల్ పది మందికి ఇచ్చేదైతే వాళ్ల సెట్టింగుల్ని నమ్మకండి. లిస్ప్ మొదట్లోనే ఓస్‌మోడ్ (ఏ ఓస్నాప్‌లు ఆన్‌లో ఉన్నాయో చెప్పే వేరియబుల్) పాత విలువ దాచుకుని, దాన్ని 0 చేసి, పని అయ్యాక తిరిగి పెట్టండి. మధ్యలో ఎవరైనా ఎస్కేప్ కొడితే ఆ చివరి లైన్ దాకా వెళ్లదు, పాపం వాళ్ల ఓస్నాప్ ఎగిరిపోతుంది. అందుకని ఎర్రర్ ఫంక్షన్ రాసి, పాత విలువని అందులో కూడా తిరిగి పెట్టాలి.

అంకెలు కరెక్టే, ఓస్నాప్ కూడా ఆఫ్, అయినా వంకరగా వస్తోందంటే యూసీఎస్ (డ్రాయింగ్‌లో ఎక్స్, వై దిశలు ఎటో చెప్పేది) తిప్పి ఉందేమో చూడండి. అంకెలన్నీ అప్పుడున్న యూసీఎస్ ప్రకారమే పడతాయి.

ఒకే కమాండ్ మళ్లీ మొదలవుతోంది, లేదా చివర్లో ఆగిపోతోంది

ఎస్‌సీఆర్ ఫైల్‌లో, అంటే స్క్రిప్ట్ ఫైల్‌లో, ఖాళీ కూడా ఎంటర్ కిందే లెక్క. లైను చివర కనిపించని స్పేస్ ఒకటి మిగిలితే అది ఎంటర్ అయిపోతుంది. కమాండ్ ఏదీ నడవనప్పుడు ఎంటర్ కొడితే ఆటోక్యాడ్ పాత కమాండ్‌ని మళ్లీ మొదలుపెడుతుంది కదా, జరిగేది అదే. నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్ ఏ కొడితే సెలెక్షన్ రంగులో ఆ స్పేసులు బయటపడతాయి. చివరి లైను తర్వాత ఎంటర్ లేకపోతే ఆ ఆఖరి కమాండ్ మీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఫోల్డర్ పేరులో స్పేస్ ఉంటే దారి మొత్తాన్ని కోట్స్‌లో పెట్టాలి.

లేయర్, ఇన్సర్ట్ లాంటివి విండో తెరిచి ఆగిపోతుంటే కమాండ్ ముందు అడ్డగీత పెట్టండి. అప్పుడు ప్రశ్నలన్నీ కమాండ్ లైన్‌లోనే వస్తాయి.

ప్లాట్ కొన్ని ఫైళ్లకే సరిగ్గా వస్తోంది

అడ్డగీత పెట్టిన ప్లాట్ (ప్రింట్) కమాండ్ మోడల్‌లో (గీసే చోట) అడిగే ప్రశ్నలు, లేఅవుట్‌లో (ప్రింట్ షీట్‌లో) అడిగేవి ఒకటి కావు. ఫైల్ మోడల్‌లో సేవ్ అయి ఉంటే జవాబులు ఒకటి అటూ ఇటూ జరిగి, ఒక ప్రశ్నకి ఇవ్వాల్సిన జవాబు ఇంకో ప్రశ్నకి వెళ్తుంది. పేజ్ సెటప్ (ప్రింట్ సెట్టింగులన్నీ ఒక పేరుతో దాచింది) ఒకటి తయారుచేసి అన్ని ఫైళ్లలో ఉంచండి. డిటెయిల్డ్ కాన్ఫిగరేషన్ అడిగినప్పుడు నో చెప్పి, లేఅవుట్ పేరు, ఆ పేజ్ సెటప్ పేరు ఇవ్వండి. ప్రశ్నలు తగ్గితే తప్పులూ తగ్గుతాయి.

ఓపెన్ కొడితే విండో రావట్లేదు

ఫైల్ విండోలు రావాలో వద్దో చెప్పే ఫైల్‌డయా వేరియబుల్‌ని స్క్రిప్ట్ 0 చేసి, తిరిగి 1 చేసేలోపే ఆగిపోయింది. కమాండ్ లైన్‌లో ఫైల్‌డయా కొట్టి 1 ఇవ్వండి, అయిపోతుంది. ఇంతమాత్రానికే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు!

లిస్ప్ లోడ్ అవ్వట్లేదు

మాల్‌ఫార్మ్‌డ్ లిస్ట్ అని వస్తే ఎక్కడో బ్రాకెటో, కోటో మూయలేదు. వర్డ్‌లో పెట్టి దిద్దిన కోడ్ అయితే ముందు కోట్స్ చూడండి. వర్డ్ నిలువు కోట్స్‌ని వంకర కోట్స్‌గా మార్చేస్తుంది, లిస్ప్ వాటిని గుర్తించదు, రకరకాల ఎర్రర్లు వస్తాయి. నోట్‌ప్యాడ్‌లో రీప్లేస్ చేసేయండి. లిస్ప్ ఎప్పుడూ ఫైల్‌గానే పంపుకోవడం మేలు.

ప్రతిసారీ సెక్యూరిటీ హెచ్చరిక వస్తుంటే ఆ హెచ్చరికని నడిపే సెక్యూర్‌లోడ్ వేరియబుల్‌ని 0 చేయమని సలహా ఇస్తారు. చేయకండి, ఆటోక్యాడ్‌కి లిస్ప్ వైరస్‌లు కూడా ఉన్నాయి. ఆప్షన్స్‌లో ట్రస్టెడ్ లొకేషన్స్‌కి మీ ఫోల్డర్ కలపండి.

మీది ఆటోక్యాడ్ ఎల్‌టీ (సదుపాయాలు తగ్గించిన ఆటోక్యాడ్) అయితే ముందు వెర్షన్ చూసుకోండి. ఎల్‌టీకి లిస్ప్ వచ్చింది 2024 వెర్షన్‌తోనే. అంతకుముందు వాటిలో స్క్రిప్ట్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఒక డ్రాయింగ్‌లో పనిచేసి, కొత్తది తెరవగానే అన్‌నోన్ కమాండ్ అంటే, లిస్ప్ ఆ ఒక్క డ్రాయింగ్‌కే లోడ్ అయిందని అర్థం. యాప్‌లోడ్ కొట్టి స్టార్టప్ సూట్‌లో (దానంతట అదే లోడ్ అయ్యే ఫైళ్ల జాబితాలో) ఫైల్ చేర్చండి.